ఓపెన్‌స్టాక్‌లో ప్రాజెక్టులకు కోటాలు: అంకెలు ఎలా తేల్చాలి, ఎలా అమలు చేయాలి

ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద సొంత క్లౌడ్ నడిపే సంస్థలో కొత్త బృందానికి ఒక ప్రాజెక్టు తెరిచి ఇవ్వడం చిన్న పని. ఆ ప్రాజెక్టు ఎన్ని వర్చువల్ మెషీన్లు నడపవచ్చు, ఎంత మెమరీ వాడవచ్చు, ఎన్ని డిస్కులు, ఎన్ని పబ్లిక్ ఐపీలు తీసుకోవచ్చు అన్న పరిమితులను, అంటే కోటాలను, తేల్చడానికి మాత్రం ఓపికగా లెక్క వేసుకోవాలి. చాలాచోట్ల ఆ లెక్క జరగదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డిఫాల్ట్ అంకెలనే వదిలేస్తారు, ఎవరైనా అడిగినప్పుడు అడిగిన ఒక్క అంకెను పెంచుతారు, అదే బృందం మళ్ళీ మళ్ళీ అడిగితే చివరికి -1 పెట్టేస్తారు. ఓపెన్‌స్టాక్‌లో -1 అంటే పరిమితి లేదని అర్థం. అలా పరిమితి లేని ప్రాజెక్టులో ఒక ఆటోమేషన్ స్క్రిప్టు అదుపు తప్పి మెషీన్లు సృష్టిస్తూ పోతే, దాని ఫలితం ఆ బృందంతో ఆగదు. అదే హార్డ్‌వేర్ మీద ఉన్న ప్రతి బృందమూ అనుభవిస్తుంది. కాబట్టి కమాండ్లు ఎలా కొట్టాలో చెప్పడానికి ముందు ఆ అంకెలు ఎక్కడి నుంచి రావాలో ఇక్కడ వివరంగా చెబుతాను.

కోటా చేసే పని, చేయని పని

కోటా ఒక గరిష్ఠ పరిమితి మాత్రమే. ఒక ప్రాజెక్టుకు 48 కోర్ల కోటా ఇచ్చామంటే ఆ ప్రాజెక్టు 48 కోర్లను మించి వాడలేదని అర్థం, అంతేగానీ ఆ 48 కోర్లు దాని కోసం పక్కన పెట్టి ఉన్నాయని కాదు. కోటా మిగిలి ఉన్నా సర్వర్లలో చోటు లేకపోతే మెషీన్ పుట్టదు. అప్పుడు వచ్చే ‘నో వ్యాలిడ్ హోస్ట్’ లోపానికీ కోటా దాటినందుకు వచ్చే లోపానికీ సంబంధం లేదు. ఈ తేడా వినియోగదారులకు తెలియకపోతే, చోటు లేక ఆగిన ప్రతిసారీ కోటా పెంచమని అడుగుతారు. అడ్మిన్‌కు కూడా తెలియకపోతే పెంచుతారు, దానివల్ల సమస్య ఇంకా ముదురుతుంది.

రెండో సంగతి, ఓపెన్‌స్టాక్‌లో కోటాలను ఒకే చోట ఒకే సేవ చూసుకోదు. వర్చువల్ మెషీన్లు, కోర్లు, మెమరీ నోవా పరిధిలోనివి. వాల్యూమ్‌లు (వర్చువల్ డిస్కులు), స్నాప్‌షాట్‌లు, బ్యాకప్‌లు సిండర్ పరిధిలోనివి. నెట్‌వర్క్‌లు, పోర్టులు (నెట్‌వర్క్‌కు కలిపే చోట్లు), రూటర్లు, ఫ్లోటింగ్ ఐపీలు (మెషీన్లకు తగిలించే పబ్లిక్ ఐపీలు), సెక్యూరిటీ గ్రూపులు (ఫైర్‌వాల్ నియమాల గుంపులు) న్యూట్రాన్ పరిధిలోనివి. ప్రతి సేవ తన డేటాబేస్‌లో తన లెక్క తాను ఉంచుకుంటుంది. ఒక బృందానికి పది మెషీన్లు పెంచి, వాటికి కావలసిన వాల్యూమ్‌ల సంగతి మరిచిపోతే నోవా సరేనంటుంది, సిండర్ కాదంటుంది, మెషీన్ ఎర్రర్ స్థితిలో ఆగిపోతుంది. అందుకే కోటా పెంచేటప్పుడు ఏ ఒక్క అంకెనూ ఒంటరిగా పెంచకూడదని నేను గట్టిగా చెబుతాను.

డిఫాల్ట్ అంకెలను ముందు పరిశీలించండి

ఏ మార్పూ చేయని నోవాలో ఒక ప్రాజెక్టుకు 10 మెషీన్లు, 20 కోర్లు, 51200 మెగాబైట్ల మెమరీ ఉంటాయి. మెమరీ కోటాను మెగాబైట్లలోనే రాయాలి కాబట్టి ఇది 50 జీబీ అవుతుంది. సిండర్‌లో 10 వాల్యూమ్‌లు, 10 స్నాప్‌షాట్‌లు, మొత్తం 1000 జీబీ చోటు, వీటికి వేరుగా 10 బ్యాకప్‌లు, బ్యాకప్‌లకు 1000 జీబీ. న్యూట్రాన్‌లో 100 నెట్‌వర్క్‌లు, 100 సబ్‌నెట్‌లు, 500 పోర్టులు, 10 రూటర్లు, 50 ఫ్లోటింగ్ ఐపీలు, 10 సెక్యూరిటీ గ్రూపులు, 100 సెక్యూరిటీ నియమాలు.

ఈ అంకెలు మీ సంస్థను చూసి పెట్టినవి కావు. వీటిలో వెంటనే మార్చవలసినది ఫ్లోటింగ్ ఐపీల సంఖ్య. పబ్లిక్ ఐపీల కోసం మీ దగ్గర ఒక /24 బ్లాకు ఉందనుకుందాం. అందులో ఉన్న 256 చిరునామాలలో నెట్‌వర్క్ చిరునామా, బ్రాడ్‌కాస్ట్ చిరునామా, గేట్‌వే పోతే 253 మిగులుతాయి. తలా 50 చొప్పున ఐదు ప్రాజెక్టులు తీసుకుంటే 250 అయిపోతాయి. పైగా బయటి నెట్‌వర్క్‌కు కలిపిన ప్రతి రూటరూ అదే బ్లాకు నుంచి ఒక చిరునామా తీసుకుంటుంది. రూటరు తీసుకున్న ఆ చిరునామా ఫ్లోటింగ్ ఐపీ కోటాలో లెక్కకు రాదు. అంటే డిఫాల్ట్ కోటాను అలాగే వదిలేస్తే ఆరో బృందానికి ఇవ్వడానికి ఏమీ మిగలకపోవచ్చు. డిఫాల్ట్‌ను 2కో 3కో తగ్గించి, అవసరం చూపించిన ప్రాజెక్టులకు విడిగా పెంచడమే సరైన పద్ధతి. కోర్లు ఎక్కువ పంచితే పని నెమ్మదిస్తుంది, చిరునామాలు మాత్రం అయిపోయాయంటే అయిపోయినట్టే.

పోర్టుల విషయంలో ఇంత ఆందోళన అక్కర్లేదు. మెషీన్లకే కాక రూటరు ఇంటర్‌ఫేస్‌లకు, డీహెచ్‌సీపీకి కూడా పోర్టులు ఖర్చవుతాయి, అయినా మామూలు ప్రాజెక్టుకు 500 ధారాళంగా సరిపోతుంది. సెక్యూరిటీ గ్రూపుల్లో ‘డిఫాల్ట్’ అనే గ్రూపును న్యూట్రాన్ ప్రతి ప్రాజెక్టుకూ తానే సృష్టిస్తుంది కాబట్టి వినియోగదారులకు నిజంగా మిగిలేవి తొమ్మిదే. కీ పెయిర్ల పరిమితి 100, అది ప్రాజెక్టుకు కాక ఒక్కో వినియోగదారుకు వర్తిస్తుంది. సర్వర్ గ్రూపులో సభ్యుల పరిమితి 10; తమ మెషీన్లు వేర్వేరు హోస్టుల మీద ఉండాలని యాంటీ అఫినిటీ నియమం వాడే బృందాలు పదకొండో మెషీన్ దగ్గర ఆగిపోతాయి, కారణం వెంటనే తట్టదు.

చేతిలో ఎంత ఉందో లెక్క

చెరువులో నీళ్ళెన్నో చూడకుండా ఆయకట్టు రాసుకుంటూ పోతే చివరి మడికి తడి అందదు. కోటాలు పంచే ముందు క్లౌడ్ మొత్తంలో ఎంత ఉందో కాగితం మీద పెట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆరు కంప్యూట్ సర్వర్లు ఉన్నాయి, ఒక్కోదానిలో 64 సీపీయూ థ్రెడ్లు, 512 జీబీ మెమరీ. హోస్టు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, హైపర్‌వైజర్ కోసం ఒక్కో సర్వర్‌లో 16 జీబీ పక్కన పెడదాం. నోవా తనంతట తాను హోస్టు కోసం ఉంచేది 512 మెగాబైట్లే, నిజమైన సర్వర్‌కు అది చాలదు కాబట్టి ఆ సెట్టింగును మనమే పెంచుకోవాలి. ఇక ఒక సర్వర్ చెడిపోయినా, నిర్వహణ కోసం ఖాళీ చేయవలసి వచ్చినా దాని మీది మెషీన్లకు వేరే చోటు ఉండాలి, అందువల్ల ఒక సర్వర్‌ను లెక్కలోంచి తీసేద్దాం. మిగిలిన ఐదింటికి తలా 496 జీబీ చొప్పున 2480 జీబీ మెమరీ వస్తుంది. సీపీయూ విషయంలో ఒక భౌతిక థ్రెడ్‌కు ఎన్ని వర్చువల్ సీపీయూలను అనుమతించాలో నిష్పత్తి ఉంటుంది. చాలా కాలం నోవా డిఫాల్ట్ నిష్పత్తి 16 ఉండేది. పరీక్షల కోసం, చదువు కోసం నడిపే క్లౌడ్‌కు అది చెల్లుతుందేమో గానీ, అసలు సేవలు నడిచే చోట 4 దాటడం నాకు సమ్మతం కాదు. నిష్పత్తి 4 అనుకుంటే 5 సార్లు 64 సార్లు 4, అంటే 1280 వర్చువల్ సీపీయూలు. ఒక్కో వర్చువల్ సీపీయూకు దాదాపు 1.94 జీబీ మెమరీ ఉన్నట్టు లెక్క తేలింది. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే మున్ముందు వచ్చే చాలా నిర్ణయాలు తేలికవుతాయి.

పంచిన కోటాల మొత్తం చేతిలో ఉన్నదాన్ని మించవచ్చా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మించవచ్చు, ఎందుకంటే ఏ ప్రాజెక్టూ తన కోటానంతా ఎప్పుడూ వాడదు. అయితే ఎంత మించవచ్చన్నది వనరును బట్టి మారుతుంది, ఇక్కడే జాగ్రత్త కావాలి. సీపీయూ ఎక్కువగా పంచితే, అందరూ ఒకేసారి వాడినప్పుడు మెషీన్లు నెమ్మదిస్తాయి. చిరాకే గానీ ప్రమాదం తక్కువ. మెమరీ అలా కాదు. హోస్టులో మెమరీ నిండితే లైనక్స్ కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపవలసి వస్తుంది, ఆ ప్రాసెస్ ఎవరిదో ఒకరి వర్చువల్ మెషీన్ కావచ్చు. నోవాలో మెమరీ నిష్పత్తికి కూడా చాలా కాలం 1.5 డిఫాల్ట్‌గా ఉండేది; దాన్ని 1కి దించమని నా సలహా. మెమరీ నిష్పత్తి 1 ఉన్నప్పుడు కోటాల మొత్తం చేతిలోని మెమరీని మించినా హోస్టుకు అపాయం లేదు, ఎందుకంటే చోటు లేని మెషీన్‌ను షెడ్యూలర్ ముందే తిరస్కరిస్తుంది. ప్రాజెక్టులు తమ కోటాలో సగటున 60 శాతం వాడుతున్నాయని కొలిచి తెలుసుకుంటే, మొత్తం కోటాను 2480 జీబీకి 1.4 రెట్లు, అంటే 3472 జీబీ వరకు రాయవచ్చు. కొలవకుండా ఊహించి మాత్రం రాయకూడదు.

నిల్వ విషయం అన్నిటికంటే సున్నితమైనది. సెఫ్ అనే నిల్వ సాఫ్ట్‌వేర్ వాడుతూ ప్రతి డేటాకూ మూడు కాపీలు ఉంచుతున్నారనుకుంటే, 180 టీబీ డిస్కుల్లో నిజంగా దొరికేది 60 టీబీ. సెఫ్ డిఫాల్ట్‌గా ఏ డిస్కయినా 85 శాతం నిండగానే హెచ్చరిస్తుంది, 95 శాతం నిండితే రాతలను ఆపేస్తుంది. ఆగేది ఆ పరిమితి దాటించిన ప్రాజెక్టుకే కాదు, ఆ నిల్వ మీద ఉన్న అందరికీ. కాబట్టి 60 టీబీలో 85 శాతం, అంటే 51 టీబీనే పంచుకోదగినదిగా భావించాలి. సెఫ్‌లో వాల్యూమ్‌లు రాసినంత మేరకే చోటు తీసుకుంటాయి గానీ, సిండర్ మాత్రం వాల్యూమ్‌కు ప్రకటించిన పూర్తి పరిమాణాన్ని కోటాలో లెక్క వేస్తుంది. ఆ తేడా వల్ల కోటాల మొత్తం 51 టీబీని కొంత మించినా మొదట్లో ఇబ్బంది కనిపించదు. వాల్యూమ్‌లు మెల్లగా నిండుతాయి, వాటిని ఖాళీ చేయించడం చాలా కష్టం. నిల్వలో అతిగా పంచేవారు సెఫ్ వాస్తవ వాడకాన్ని వారం వారం చూడవలసిందే.

ఒక ప్రాజెక్టుకు అంకెలు తేల్చడం

ఇప్పుడు ఒక బృందం వచ్చి కొత్త ప్రాజెక్టు అడిగిందనుకుందాం. ఎంత కావాలని అడిగితే గుండ్రటి అంకె చెబుతారు. ఏమి నడపబోతున్నారని అడిగితే లెక్కకు పనికొచ్చే సమాధానం వస్తుంది. వారు చెప్పినది ఇలా ఉందనుకుందాం: 2 సీపీయూలు, 4 జీబీ మెమరీ ఉన్న వెబ్ సర్వర్లు రెండు, 4 సీపీయూలు, 8 జీబీ ఉన్న అప్లికేషన్ సర్వర్లు మూడు, 8 సీపీయూలు, 32 జీబీ ఉన్న డేటాబేస్ సర్వర్లు రెండు, పర్యవేక్షణ కోసం 2 సీపీయూలు, 4 జీబీ ఉన్న మెషీన్ ఒకటి. మొత్తం 8 మెషీన్లు, 34 కోర్లు, 100 జీబీ.

ఇదే కోటాగా రాస్తే మొదటి కొత్త విడుదల రోజునే వారి పని ఆగిపోతుంది. కొత్త అప్లికేషన్ సర్వర్లు లేచి పని మొదలుపెట్టిన తర్వాతే పాతవి తొలగించడం ఇప్పుడు మామూలు పద్ధతి, కాబట్టి కొంతసేపు ఆరు అప్లికేషన్ సర్వర్లు ఉంటాయి. అందుకు మరో 3 మెషీన్లు, 12 కోర్లు, 24 జీబీ కలపాలి. 11 మెషీన్లు, 46 కోర్లు, 124 జీబీ అయింది. కొంచెం గుండ్రం చేస్తే 12 మెషీన్లు, 48 కోర్లు, 128 జీబీ, అంటే 131072 మెగాబైట్లు.

నిల్వకు వద్దాం. ప్రతి మెషీన్‌కూ 40 జీబీ బూట్ వాల్యూమ్ అనుకుంటే 12కు 480 జీబీ. డేటాబేస్‌లకు చెరో 500 జీబీ, కలిపి 1000. మొత్తం 14 వాల్యూమ్‌లు, 1480 జీబీ. ఇంతటితో ఆగేవారే ఎక్కువ. కానీ డేటాబేస్ వాల్యూమ్‌లకు వారం వారం స్నాప్‌షాట్ తీసి చివరి రెండూ ఉంచుతామని బృందం చెప్పింది. సిండర్ డిఫాల్ట్‌గా ప్రతి స్నాప్‌షాట్‌నూ దాని మూల వాల్యూమ్ పూర్తి పరిమాణంతో గిగాబైట్ల కోటాలో కలుపుతుంది. నాలుగు స్నాప్‌షాట్‌లు, ఒక్కోటి 500 జీబీ, అంటే మరో 2000 జీబీ. పాత స్నాప్‌షాట్‌ను తీసేయకముందే కొత్తది తీస్తారు గనుక, ఆ కాసేపు ఐదోదీ ఆరోదీ ఉంటాయి, అప్పుడు మరో 1000 జీబీ కావాలి. ఆ లెక్కన మొత్తం 4480 జీబీ; అన్నిటికీ కొంత అదనం కలిపి 20 వాల్యూమ్‌లు, 8 స్నాప్‌షాట్‌లు, 4600 జీబీ రాయాలి. సెఫ్ వంటి నిల్వలో స్నాప్‌షాట్ నిజంగా తీసుకునే చోటు మార్పుల మేరకే ఉంటుంది కాబట్టి, ఈ లెక్క మరీ ఎక్కువ అనిపిస్తే సిండర్ కాన్ఫిగరేషన్‌లో నో స్నాప్‌షాట్ జీబీ కోటా అన్న సెట్టింగును నిజం చేసి స్నాప్‌షాట్‌లను గిగాబైట్ల లెక్కలోంచి తప్పించవచ్చు. అలా చేస్తే స్నాప్‌షాట్‌ల సంఖ్య మీద పరిమితిని మాత్రం కచ్చితంగా ఉంచాలి.

వేగమైన ఎస్ఎస్‌డీ నిల్వ, మామూలు నిల్వ రెండూ ఉన్నచోట వాల్యూమ్ రకానికి విడిగా కూడా కోటా పెట్టవచ్చు. ఖరీదైన ఎస్ఎస్‌డీకి 1000 జీబీ, మిగతాదానికి 3600 జీబీ అని రాయడం అలా సాధ్యమవుతుంది. ఈ సౌకర్యాన్ని చాలామంది వాడరు. వాడకపోతే అన్ని బృందాలూ ఎస్ఎస్‌డీనే ఎంచుకుంటాయి.

ఇప్పుడు ఈ ప్రాజెక్టు క్లౌడ్‌లో ఎంత భాగమో చూడాలి. 1280లో 48 కోర్లంటే 3.75 శాతం. 2480లో 128 జీబీ అంటే 5.2 శాతానికి కొంచెం తక్కువ. రెండింటిలో పెద్దదే ఆ ప్రాజెక్టు అసలు బరువు. డేటాబేస్‌ల వల్ల ఇది మెమరీ వైపు మొగ్గింది. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువైతే సీపీయూలు ఖాళీగా ఉండగానే మెమరీ అయిపోతుంది. డిఫాల్ట్ కోటాలోనూ ఇదే కనిపిస్తుంది: 20 కోర్లు, 50 జీబీ ఉన్న ప్రాజెక్టులో 2 సీపీయూలు, 4 జీబీ ఉన్న మెషీన్లు పది చక్కగా పడతాయి, అదే 2 సీపీయూలు, 16 జీబీ ఉన్నవి మూడు పెట్టగానే మెమరీ నిండి 14 కోర్లు నిరుపయోగంగా మిగిలిపోతాయి. కోటాలోని అంకెలు బృందం వాడే ఫ్లేవర్ల, అంటే మెషీన్ల సైజుల, ఆకారానికి సరిపోవాలి.

డాష్‌బోర్డ్ నుంచి, కమాండ్ లైన్ నుంచి

ఈ పనులకు అడ్మిన్ పాత్ర ఉన్న ఖాతా కావాలి. హొరైజన్ డాష్‌బోర్డ్‌లో ఐడెంటిటీ విభాగంలోకి వెళ్ళి ప్రాజెక్ట్స్ పేజీ తెరిచి, ఆ ప్రాజెక్టు వరుస చివర ఉన్న మెనూలో మాడిఫై కోటాస్ ఎంచుకోవాలి. కంప్యూట్, వాల్యూమ్, నెట్‌వర్క్ అనే మూడు ట్యాబులు వస్తాయి. మూడింటినీ తెరిచి చూడకుండా సేవ్ చేయకండి; మొదటి ట్యాబులో ఆగిపోవడం వల్లే వాల్యూమ్‌ల కోటా వెనకబడుతుంది.

ప్రాజెక్టులు ఎక్కువ ఉంటే కమాండ్ లైన్ మేలు. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, ఇవే ఖాళీలతో, ఇవే గీతలతో కొట్టాలి. మార్చే ముందు ప్రస్తుత స్థితి చూడండి:

ఓపెన్‌స్టాక్ కోటా షో --యూసేజ్ ప్రాజెక్టు-ఐడీ

ఇది పరిమితితో పాటు ప్రస్తుత వాడకాన్నీ చూపిస్తుంది. క్లయింటు పాత వెర్షన్‌లో యూసేజ్ అన్న ఆప్షన్ ఉండకపోవచ్చు, అప్పుడు ఓపెన్‌స్టాక్ లిమిట్స్ షో --అబ్సల్యూట్ వాడండి. పేరుకు బదులు ఐడీ వాడటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే వేర్వేరు డొమైన్లలో ఒకే పేరు గల ప్రాజెక్టులు ఉండవచ్చు. పైన తేల్చిన అంకెలకు ఉదాహరణగా 2 ఫ్లోటింగ్ ఐపీలు, 15 సెక్యూరిటీ గ్రూపులు కలిపి అమలు చేసే కమాండ్ ఇది:

ఓపెన్‌స్టాక్ కోటా సెట్ --ఇన్‌స్టాన్సెస్ 12 --కోర్స్ 48 --ర్యామ్ 131072 --వాల్యూమ్స్ 20 --స్నాప్‌షాట్స్ 8 --గిగాబైట్స్ 4600 --ఫ్లోటింగ్-ఐపీస్ 2 --సెక్‌గ్రూప్స్ 15 ప్రాజెక్టు-ఐడీ

వాల్యూమ్ రకానికి విడిగా పెట్టాలంటే గిగాబైట్స్‌తో పాటు --వాల్యూమ్-టైప్ అన్న ఆప్షన్‌లో ఆ రకం పేరు ఇవ్వాలి. కమాండ్ విజయవంతమైతే ఏమీ ముద్రించకుండా ముగుస్తుంది. మళ్ళీ కోటా షో కొట్టి మూడు సేవల్లోనూ అంకెలు మారాయో లేదో చూసుకోవాలి. క్లయింటు ఒక్కో సేవకు విడిగా అభ్యర్థన పంపుతుంది కాబట్టి మధ్యలో ఏదైనా విఫలమైతే కొన్ని మారి కొన్ని మారకుండా ఉండే అవకాశం ఉంది.

డిఫాల్ట్ అంకెలను మార్చడం వేరే పని, దాని ప్రభావమూ వేరు. హొరైజన్‌లో అడ్మిన్ విభాగం కింద సిస్టమ్‌లో డిఫాల్ట్స్ పేజీ ఉంది. అక్కడ నోవా, సిండర్ డిఫాల్ట్‌లు మార్చవచ్చు. అలా మార్చిన విలువలు డేటాబేస్‌లో పడతాయి, ఆ తర్వాత కాన్ఫిగరేషన్ ఫైలులో అవే అంకెలను ఎంత దిద్దినా ఫలితం ఉండదు. న్యూట్రాన్ డిఫాల్ట్‌లను మాత్రం దాని కాన్ఫిగరేషన్ ఫైలులో కోటాస్ విభాగంలో మార్చి సర్వీసును రీస్టార్ట్ చేయాలి. డిఫాల్ట్‌ను మార్చగానే, తనకంటూ విడి కోటా రాయని ప్రతి ప్రాజెక్టుకూ అది వెంటనే వర్తిస్తుంది. కొత్త ప్రాజెక్టులకు మాత్రమే అనుకుని డిఫాల్ట్‌ను తగ్గిస్తే పాతవాటిలో కొన్ని ఆ క్షణమే పరిమితి దాటిన స్థితిలో పడతాయి. ఈ చిక్కు రాకుండా ఉండాలంటే, వాడకంలో ఉన్న ప్రతి ప్రాజెక్టుకూ ముందు విడి కోటా రాసి, ఆ తర్వాతే డిఫాల్ట్‌ను ముట్టుకోవాలి. ఒక ప్రాజెక్టును తిరిగి డిఫాల్ట్‌కు తేవాలంటే ఓపెన్‌స్టాక్ కోటా డిలీట్ కమాండ్ ఉంది.

పది ప్రాజెక్టులు దాటిన చోట ఈ అంకెలను ఆన్సిబుల్‌లోనో టెర్రాఫామ్‌లోనో ఫైలుగా రాసి గిట్‌లో పెట్టడం చాలా మంచిది. ఎవరికి ఎప్పుడు ఎందుకు పెంచామో ఆ చరిత్రలోనే ఉంటుంది. ఏడాది తర్వాత ఆ కారణం ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

కోటా నిండిందన్నప్పుడు ఎక్కడ వెతకాలి

నోవా ఇచ్చే లోపం సందేశం స్పష్టంగానే ఉంటుంది: కోర్ల కోటా దాటింది, 4 అడిగారు, 20లో 18 ఇప్పటికే వాడారు అన్న అర్థంలో వస్తుంది, హెచ్‌టీటీపీ కోడ్ 403. సిండర్ కోటా దాటితే 413, న్యూట్రాన్‌లో 409 వస్తాయి. కోడ్ చూస్తేనే ఏ సేవ తిరస్కరించిందో తెలిసిపోతుంది కాబట్టి లాగుల్లో వాటిని వెతకడం తేలిక.

పెంచమని అడిగిన వెంటనే పెంచకుండా, ఉన్న కోటాను ఏవి తింటున్నాయో చూడాలి. ఆపివేసిన మెషీన్ కూడా కోర్లలో, మెమరీలో లెక్కకు వస్తుంది. ఆపేశాం కదా, ఎందుకు లెక్క వేస్తున్నారని వినియోగదారులు తరచుగా అడుగుతారు. ఆపిన మెషీన్ తన హోస్టు మీద తన స్థానాన్ని వదలదు, ఎప్పుడైనా లేవవచ్చు, అందుకే లెక్కలో ఉంటుంది. మెషీన్‌ను తొలగించినా దాని బూట్ వాల్యూమ్ మిగిలిపోవచ్చు. సృష్టించేటప్పుడు ‘మెషీన్‌తో పాటు వాల్యూమ్‌ను తొలగించు’ అన్న ఎంపిక పెట్టకపోతే అది ఎవరికీ తగిలించని వాల్యూమ్‌గా ఉండిపోయి గిగాబైట్లను పట్టి ఉంచుతుంది. ఏ మెషీన్‌కూ కలపని ఫ్లోటింగ్ ఐపీ కూడా తీసుకున్న క్షణం నుంచి కోటాలో ఉంటుంది. ఓపెన్‌స్టాక్ వాల్యూమ్ లిస్ట్‌కు --స్టేటస్ అవైలబుల్ అని జోడిస్తే ఇలా మిగిలిన వాల్యూమ్‌లు, ఓపెన్‌స్టాక్ ఫ్లోటింగ్ ఐపీ లిస్ట్‌కు --స్టేటస్ డౌన్ జోడిస్తే ఖాళీగా ఉన్న ఐపీలు బయటపడతాయి. ఆ జాబితాను బృందానికి పంపితే పెంచే అవసరం చాలాసార్లు ఉండదు.

అడ్మిన్‌లు మరిచిపోయే ఇంకొక చోటు సర్వీస్ ప్రాజెక్టు, అంటే ఓపెన్‌స్టాక్ సేవలు తమ సొంత పనికి వాడుకునే ప్రాజెక్టు. ట్రాఫిక్‌ను మెషీన్ల మధ్య పంచే ఆక్టేవియా లోడ్ బ్యాలన్సర్లను యాంఫోరా పద్ధతిలో, అంటే వర్చువల్ మెషీన్ల మీద, నడిపితే, ఒక్కో లోడ్ బ్యాలన్సర్ కోసం పుట్టే మెషీన్ వినియోగదారు ప్రాజెక్టులో కాక సర్వీస్ ప్రాజెక్టులో ఉంటుంది. ఆ ప్రాజెక్టు కోటా 10 మెషీన్ల దగ్గరే ఉంటే, వినియోగదారు కోటా ఎంత మిగిలి ఉన్నా పదకొండో లోడ్ బ్యాలన్సర్ లేవదు, వినియోగదారుకు కారణం కనిపించదు కూడా.

తగ్గించవలసి వచ్చినప్పుడు

కోటాను ప్రస్తుత వాడకం కంటే తగ్గించినా ఉన్న మెషీన్లు ఆగిపోవు, వాల్యూమ్‌లు పోవు. కొత్తవి సృష్టించడం మాత్రమే ఆగుతుంది. నోవా అలాంటి తగ్గింపును మామూలుగా అంగీకరించదు, ఫోర్స్ ఆప్షన్ ఇస్తేనే తీసుకుంటుంది. సాంకేతికంగా ఇది సురక్షితమే అయినా, చెప్పకుండా చేయడం తగదు. పైన చెప్పినట్టు కొత్త సర్వర్లు లేపి పాతవి తీసేసే పద్ధతిలో పనిచేసే బృందం ఇక ఒక్క మార్పు కూడా విడుదల చేయలేదు, అత్యవసరంగా ఒక లోపం సరిచేయవలసిన రాత్రి ఆ సంగతి వారికి తెలుస్తుంది. తగ్గించే ముందు లిఖితంగా గడువు ఇవ్వండి, గడువు వరకు వాడకాన్ని గమనించండి, చివరి అంకెలో వారి విడుదలకు కావలసిన చోటు మిగిలేలా చూడండి. తాత్కాలిక అవసరానికి పెంచినప్పుడు తిరిగి దించే తేదీని అప్పుడే రాసుకుంటే ఈ సంభాషణ చాలా సులువవుతుంది.

వాడకం 80 శాతం దాటగానే హెచ్చరిక వచ్చేలా పెట్టుకుంటే అటు బృందానికీ ఇటు అడ్మిన్‌కూ వ్యవధి దొరుకుతుంది. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కోసం ఉన్న ఓపెన్‌స్టాక్ ఎక్స్‌పోర్టర్ ప్రతి ప్రాజెక్టు పరిమితినీ వాడకాన్నీ అందిస్తుంది, అక్కడి నుంచి హెచ్చరిక నియమం రాయడం చిన్న పని.

యూనిఫైడ్ లిమిట్స్ వైపు

ప్రతి సేవా తన కోటాలను తానే దాచుకోవడం వల్ల వచ్చే ఇబ్బందిని తొలగించడానికి పరిమితులన్నిటినీ, వినియోగదారులనూ ప్రాజెక్టులనూ చూసుకునే కీస్టోన్ సేవలో ఉంచే యూనిఫైడ్ లిమిట్స్ అనే ఏర్పాటు వచ్చింది. మెషీన్ ఇమేజ్‌లను దాచే గ్లాన్స్‌లో ఇమేజ్‌ల సంఖ్యకూ పరిమాణానికీ ఇది జేనా విడుదల నుంచి, నోవాలో యోగా విడుదల నుంచి ఉంది. కీస్టోన్‌లో రెండంచెల నమూనా కూడా ఉంది. దానిలో ఒక విభాగానికి మొత్తం పరిమితి ఇచ్చి, దాని కింది ప్రాజెక్టుల పరిమితులు ఆ మొత్తాన్ని దాటకుండా చూడవచ్చు. విశ్వవిద్యాలయాలకు, పెద్ద పరిశోధన సంస్థలకు ఇది ఎంతో అవసరమైన సౌకర్యం. 2013 నుంచి ఓపెన్‌స్టాక్ నడుపుతున్న సెర్న్ (ఐరోపా కణభౌతిక పరిశోధన సంస్థ) వంటి సంస్థలు ఇలాంటి అంచెల కోటాల అవసరాన్ని చాలా ముందే వివరించాయి.

మారాలనుకునేవారు ఒక విషయం తప్పకుండా గమనించాలి. ఈ కొత్త పద్ధతిలో ప్రతి వనరుకూ ముందుగా కీస్టోన్‌లో రిజిస్టర్డ్ లిమిట్ రాయాలి. 2025.1 విడుదలకు ముందు, రాయని వనరుకు పరిమితి లేనట్టు కాదు, 0 ఉన్నట్టు నోవా భావించేది, ఆ వనరు కావలసిన ప్రతి అభ్యర్థనా తిరస్కరణకు గురయ్యేది; ఆ విడుదల నుంచి ఏ వనరులకు ఇది వర్తించాలో కాన్ఫిగరేషన్‌లో తేల్చుకోవచ్చు. వనరుల పేర్లు కూడా వేరు: మెషీన్లకు సర్వర్స్, కోర్లకు క్లాస్:వీసీపీయూ, మెమరీకి క్లాస్:మెమరీ_ఎంబీ. ఇంకా, ఇక్కడ వాడకం లెక్క, హోస్టుల్లో వనరుల కేటాయింపును నమోదు చేసే ప్లేస్‌మెంట్ సేవ నుంచి వస్తుంది. అందువల్ల షెల్వ్ చేసి హోస్టు నుంచి దించిన మెషీన్లు కోర్లలో లెక్కకు రావు, ఫ్లేవర్ మారుస్తున్న మెషీన్ మాత్రం మార్పును ఖాయం చేసేవరకు పాత హోస్టులోనూ కొత్త హోస్టులోనూ రెండు చోట్ల లెక్కకు వస్తుంది. 8 కోర్ల డేటాబేస్ సర్వర్‌ను 16 కోర్లకు మార్చే బృందానికి ఆ కాసేపు 24 కోర్లు కావాలి. నోవా మేనేజ్ సాధనంలో పాత కోటాలను కొత్త పద్ధతిలోకి తరలించే కమాండ్ ఇటీవలి విడుదలల్లో ఉంది. పరీక్షా క్లౌడ్‌లో దాన్ని నడిపి, పాత అంకెలనూ కొత్త అంకెలనూ ప్రాజెక్టు వారీగా పక్కపక్కన పెట్టి సరిచూసుకున్న తర్వాతే అసలు క్లౌడ్‌లో నోవా కోటా డ్రైవర్‌ను మార్చాలి.